గుండెకు అరువిచ్చిన నాళము



మన పల్లె సంఘములలో ఎవరికైనను బైపాస్ ఆపరేషన్ అవసరమని డాక్టర్లు చెప్పినప్పుడు, ఆ యింటివారిని ఎక్కువగా భయపెట్టునది గుండెను ముట్టుకొందురను మాట కాదు. “కాలిలో నుండి నరం తీసి గుండెకు వేస్తాం” అను మాటయే వారిని కలవరపెట్టును. వైద్యము కొరకు జిల్లాల నుండి వచ్చి, బహదూర్‌పురాలో బంధువుల యిండ్ల యందు దిగి, మూసీ దాటి ఆసుపత్రులకు తిరుగుచున్న కుటుంబములు మా యొద్దకు ప్రార్థన కొరకు వచ్చుచుండును. వారి నోట మేము తరచుగా వినుచున్న ప్రశ్న ఇది: “అయ్యగారూ, కాల్ల నరం తీస్తే మా ఆయిన మల్ల నడుస్తడా?”

ఈ భయమునకు మూలము ఒక్క మాటలో ఉన్నది. మన వాడుకలో రక్తము పారు గొట్టమును నరమే అందుము, స్పర్శను కదలికను కలిగించు తంతువును కూడ నరమే అందుము. అందువలన “నరం తీస్తారు” అనగానే పక్షవాతము వచ్చినట్లు కాలు చచ్చుబడునని తలంచుదురు. నిజమునకు డాక్టర్లు తీయునది రక్తనాళము మాత్రమే. కాలు కదలుటకు కావలసిన నరములను వారు తీయరు. ఈ సంగతి తెలియక ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేసికొనువారు కలరు. అట్టి జాప్యము ప్రాణము మీదికి తెచ్చును. కాబట్టి ఈ నెల ఈ శీర్షికలో రెండు సంగతులు వ్రాయుచున్నాము. గుండెకు వేయు నాళమును ఎక్కడనుండి, ఎట్లు ఎన్నుకొందురు? ఆపరేషన్ తరువాత రోగికి ఊరట ఎట్లు కలుగును? ఈ రెండింటికిని దగ్గర సంబంధమున్నది.

బైపాస్ అనగా నేమి?

బహదూర్‌పురా నుండి అఫ్జల్‌గంజ్‌కు పోవువారు సాధారణముగా పురానాపూల్ మీదుగా మూసీని దాటుదురు. ఆ వంతెన వద్ద బండ్లు ఆగిపోయినయెడల ఎవరును వంతెనను పగులగొట్టరు. కొంచెము ప్రక్కకు పోయి ముస్లింజంగ్ పూల్ మీదుగా దాటి ఆవలి రోడ్డును కలిసికొందురు. బైపాస్ కూడ ఇటువంటిదే. గుండె కండరమునకు రక్తము నిచ్చు నాళములలో కొవ్వు పేరుకొని దారి మూసికొనిపోయినప్పుడు, ఆ అడ్డు నట్లే ఉంచి, శరీరములో మరియొక చోటనుండి తెచ్చిన నాళమును అడ్డుకు ఆవల కుట్టుదురు. రక్తము క్రొత్త దారిని పోవును. మూడు చోట్ల అడ్డున్నయెడల మూడు క్రొత్త దారులు కావలసి రావచ్చును.

1964లో రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరమున కొలెసోవ్ అను వైద్యుడు రొమ్ము లోపలి ధమనిని గుండె నాళమునకు కుట్టెను. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున ఫవలోరో అను వైద్యుడు కాలి సిరతో బైపాస్ చేసి ఈ పద్ధతిని లోకమంతటను వ్యాపింపజేసెను. ఈయన అర్జెంటీనా దేశస్థుడు. అంతకు ముందు పండ్రెండేండ్లు ఒక మారుమూల పల్లెలో వైద్యుడుగా పనిచేసినవాడు. మన దేశములో 1975లో మద్రాసులోని పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ గారు తొలి బైపాస్‌ను జయప్రదముగా చేసిరి. మన రాష్ట్రములో ఓపెన్ హార్ట్ ఆపరేషన్లకు నాంది పలికిన డాక్టర్ దాసరి ప్రసాదరావు గారు హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రికి సంచాలకులుగా నుండిరి. వారికి 2001లో పద్మశ్రీ లభించెను.

1984లో అప్పటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు గారు గుండె ఆపరేషన్ కొరకు అమెరికాకు వెళ్లవలసి వచ్చెను. తిరిగి వచ్చిన వెంటనే ఆగస్టు నెలలో ఆయన పదవి పోయిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. నాడు ముఖ్యమంత్రి సముద్రములు దాటి చేయించుకొనిన చికిత్స నేడు కూలివాని యింటికిని అందుబాటులో నున్నది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వలన ఎందరో పేదలకు బైపాస్ ఉచితముగా జరిగినది. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి ఈ పథకము క్రింద కుటుంబమునకు సంవత్సరమునకు 10 లక్షల రూపాయల వరకు వైద్యము లభించుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకము ఎన్టీఆర్ వైద్య సేవ అను పేరుతో నడచుచున్నది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసికొని వివరములు తెలిసికొనవలెను. పొలము అమ్ముటకు ముందు ఆ పని చేయండి.

నాళమును తీయు మూడు చోట్లు

మొదటిది రొమ్ము లోపలి ధమని. రొమ్ము ఎముకకు ఇరుప్రక్కల, లోపలివైపున, ఒక్కొక్క ధమని క్రిందికి దిగుచుండును. సాధారణముగా ఎడమవైపు దానిని గుండె ముందరి ప్రధాన నాళమునకు కుట్టుదురు. దీని పై కొసను తెంపకుండ క్రింది కొసను మాత్రమే తెంపి గుండెవైపునకు మళ్లించుదురు గనుక రక్తము ఎప్పటివలెనే పారుచుండును. ఈ ధమనిలో కొవ్వు పేరుకొనుట చాల అరుదు. పదేండ్లు గడచిన తరువాత చూచినను నూటికి తొంబదికి పైగా తెరచియే ఉండును. అందుచేత వీలున్నంతవరకు ప్రతి రోగికిని ఈ ధమని నొకదానిని వాడుటకు డాక్టర్లు ప్రయత్నించుదురు.

రెండవది కాలి సిర. చీలమండ దగ్గరనుండి తొడ వరకు చర్మము క్రిందనే పోవు పొడవైన నాళమిది. ధమని గుండెనుండి రక్తమును తీసికొనిపోవును, సిర తిరిగి గుండెకు తెచ్చును. కాలిలో లోతుగా వేరే పెద్ద సిరలున్నవి గనుక పైదానిని తీసినను అవి ఆ పనిని నెరవేర్చును. ఇది పొడవుగా, సులభముగా దొరకును. సిరలలో రక్తము వెనుకకు జారకుండ చిన్న తలుపులుండును; అవి అడ్డురాకుండ నాళమును తలక్రిందులుగా త్రిప్పి కుట్టుదురు. అయితే సిర తక్కువ ఒత్తిడికి అలవాటుపడినది. ధమనిలోని ఒత్తిడి తగిలినప్పుడు దాని గోడలు మెల్లగా దళసరియగును. పదేండ్లకు ఇంచుమించు సగము సిరలు మూసికొనిపోవచ్చును. పొగాకును మానినవారిలో, మాత్రలు క్రమముగా వేసికొనువారిలో ఇది ఎక్కువ కాలము నిలుచును.

మూడవది ముంజేతి ధమని. నాడి చూచునప్పుడు బొటనవ్రేలి వైపున తగులునది ఇదే. చేతికి రక్తమిచ్చుటకు చిటికెనవ్రేలి వైపున రెండవ ధమని యున్నది గనుక ఒకదానిని తీయవచ్చును. తీయుటకు ముందు రెండింటిని వ్రేళ్లతో నొక్కి, అరచేయి తెల్లబడిన తరువాత చిటికెనవ్రేలి వైపు దానిని వదలి, ఎంత త్వరగా ఎరుపెక్కునో డాక్టరు చూచును. స్కానింగుతో కూడ పరీక్షించుదురు. పలు పరిశోధనల ఫలితములను కలిపి 2018లో ప్రచురించిన లెక్క ప్రకారము, రెండవ నాళముగా కాలి సిరకంటె ముంజేతి ధమనిని వేసినవారికి అయిదేండ్లలో గుండె చిక్కులు తక్కువగా వచ్చెను. కాని అడ్డు చాల బిగువుగా నున్న నాళమునకే ఇది తగును. పాత దారిలో రక్తము బాగుగా పారుచున్నయెడల ఇది ముడుచుకొనిపోవును.

ఎవరికి ఏది?

“రెండు రొమ్ము ధమనులను వాడితే ఇంకా మంచిది కదా” అని చదువుకొనిన పిల్లలు అడుగుచుందురు. కొందరికి మంచిదే. అయితే ఇటు ఒకటి, అటు రెండు వాడిన రోగులను పదేండ్లు గమనించి 2019లో ప్రకటించిన పెద్ద పరిశోధనలో బ్రతికియున్నవారి సంఖ్యలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. రెండును తీసినయెడల రొమ్ము ఎముకకు రక్తము తగ్గును. చక్కెర వ్యాధి, స్థూలకాయము ఉన్నవారికి ఆ ఎముక మానక చీము పట్టు అపాయము పెరుగును. కాబట్టి పొరుగువానికి వేసినదే మనకును వేయవలెనని పట్టుబట్టరాదు. ఎన్నిక డాక్టరుదే. అయితే ఆ ఎన్నిక సరిగా జరుగుటకు మనము చెప్పవలసిన సంగతులు కొన్ని కలవు.

కాళ్లలో నరాలు ఉబ్బి మెలికలు తిరిగియున్నచో, లేక వాటికి ఇదివరకే ఆపరేషన్ జరిగినచో చెప్పండి. అట్టి సిర పనికిరాదు. యాంజియోగ్రామ్ ఏ చేతి మణికట్టు గుండా చేసిరో చెప్పండి. ఆ చేతి ధమని లోపల దెబ్బతినియుండవచ్చును. మూత్రపిండముల జబ్బు ఉన్నచో తప్పక చెప్పండి. రేపు డయాలసిస్ కొరకు చేతి నాళములు అవసరము కావచ్చును. రొమ్మునకు మునుపు కరెంటు వైద్యము, అనగా రేడియేషన్, జరిగినదా చెప్పండి.

మీరు ఏ చేతితో ఏ పని చేయుదురో కూడ చెప్పండి. ఎడమచేతి వాటము గలవారు, మగ్గము నేయువారు, కుట్టుపని చేయువారు, తాడిచెట్టు ఎక్కువారు, సంఘములో హార్మోనియము, తబలా వాయించువారు ఈ మాట దాచరాదు. డాక్టరుకు మీ గుండె సినిమాలో కనబడును గాని మీ బ్రతుకుతెరువు కనబడదు. “అయ్యా, నాళము ఎక్కడనుండి తీస్తారు? ఎంత గాటు పెడతారు?” అని అడుగుట ధిక్కారము కాదు. కొన్ని ఆసుపత్రులలో కాలి పొడవునా కోయకుండ రెండు మూడు చిన్న గాట్లలో గొట్టపు కెమెరా దూర్చి సిరను తీయుదురు. 2019లో వెలువడిన పరిశోధనలో ఈ పద్ధతి వలన గుండెకు అదనపు చేటు కనబడలేదు, కాలి పుండు చీము పట్టుట తగ్గెను. చక్కెర వ్యాధి ఉన్నవారు దీనిని గూర్చి అడిగి తెలిసికొనుట మంచిది.

ఊరట రెండు చోట్ల కావలెను

ఆపరేషన్ తరువాత యింటివారందరు రొమ్ము మీది గాటునే చూచుచుందురు. అరువిచ్చిన కాలినో చేతినో మరచిపోవుదురు. నడక మొదలుపెట్టిన తరువాత కొందరిని గుండెకంటె కాలే ఎక్కువగా బాధించును. రెండు చోట్లను కనిపెట్టి చూచిననే రోగికి నిజమైన ఊరట.

కాలి సిర తీసినయెడల ఆ కాలు కొన్ని వారములు సాయంకాలమున వాచును. కూర్చున్నప్పుడెల్ల పాదమును పీట మీదనో మంచము మీదనో ఎత్తి ఉంచవలెను. కాలు మీద కాలు వేసికొనరాదు, వ్రేలాడవేసి ఎక్కువసేపు కూర్చుండరాదు. డాక్టరు బిగువు మేజోళ్లు వ్రాసినయెడల పగలు తొడుగవలెను. చీలమండ లోపలివైపు తిమ్మిరి, మంట, చీమలు ప్రాకినట్లుండుట నెలల తరబడి ఉండవచ్చును. అక్కడి చర్మపు నరము కదలుటవలన వచ్చునదే గాని కాలు పడిపోవుట కాదు. ముంజేతి ధమని తీసినయెడల బొటనవ్రేలి వెనుక అట్టి తిమ్మిరియే కలుగవచ్చును. వ్రేళ్లు ముడుచుచు తెరచుచు ఉండవలెను. రొమ్ము ధమని తీసినవారికి ఎడమ రొమ్ము మీద మొద్దుబారినట్లుండును. స్త్రీలకు రొమ్ము బరువు గాటును క్రిందికి లాగి నొప్పి పెంచును గనుక, ముందువైపు గుండీలుండి ఒరుసుకొనని మెత్తని లోరవికె తొడుగుకొనుట మేలు. సిగ్గుపడి ఈ సంగతి అడుగని మన అక్కచెల్లెండ్లు కలరు గనుక వ్రాయుచున్నాము.

రొమ్ము ఎముకను తీగతో కట్టియుందురు. ఆ తీగ లోపలనే ఉండిపోవును, చేటు లేదు. ఎముక అతుకుకొనుటకు ఆరు నుండి ఎనిమిది వారములు, గట్టిపడుటకు మూడు నెలలు పట్టును. అంతవరకు అయిదు కిలోల బరువు మించి ఎత్తరాదు. నిండు బిందె, ధాన్యపు బస్తా, చంకకెక్కు మనుమడు, చేతిపంపు కొట్టుట, పలుగుపార అన్నియు ఇందులోనికే వచ్చును. సైకిలు, మోటారు సైకిలు నడుపరాదు. మంచము నుండి లేచునప్పుడు చేతులతో ఊతమిచ్చి లేవక, ప్రక్కకు ఒత్తిగిలి కాళ్లు దించి లేవవలెను. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు మెత్తని దిండును రొమ్మునకు గట్టిగా హత్తుకొనవలెను. నేలబారు మరుగుదొడ్డికి బదులు, రంధ్రము గల కుర్చీ నొకటి తెచ్చిపెట్టవలెను. మలబద్ధకము రాకుండ డాక్టరు నడిగి మందు వాడవలెను. ముక్కుట రోగికి మంచిది కాదు. కొన్నాళ్లు మోకాళ్లూనక కుర్చీలో కూర్చుండి ప్రార్థించిన చాలును.

నొప్పిని గూర్చి ఒక మాట. మనవారు నొప్పిని ఓర్చుకొనుటను భక్తిగా నెంచి, మాత్ర అడుగరు. నొప్పివలన గట్టిగా ఊపిరి పీల్చనివాని ఊపిరితిత్తులలో కఫము నిలిచి నిమోనియా వచ్చును. కాబట్టి నొప్పి మాత్ర అడిగి వేసికొని, మూడు బంతుల గొట్టముతో ఊపిరి వ్యాయామము చేయుటయే మేలు. ఇంటికి బస్సులోనో కారులోనో పోవునప్పుడు రొమ్ము మీద దిండు నుంచుకొని, గంట గంటకు ఆపించి నాలుగడుగులు నడువవలెను.

మొదటి వారములలో అన్నము రుచించదు, రాత్రి నిద్ర పట్టదు, కారణము లేకయే ఏడ్పు వచ్చును, మతిమరుపు కలుగును. ఇవి చాలమందికి వచ్చును. ఇది విశ్వాసలోపమని నిందింపరాదు. వారములు గడచినను దుఃఖము తగ్గనియెడల డాక్టరుకు చెప్పవలెను. దానికిని మందు కలదు.

జ్వరము వచ్చుట, గాటు ఎఱ్ఱబడి చీము కారుట, రొమ్ము ఎముక కటకటలాడుట, ఆయాసము, పిక్క గట్టిపడి ఒక్క కాలే బాగుగా వాచుట, మరల గుండెనొప్పి వచ్చుట – వీటిలో ఏది కనబడినను ఆదివారము కదా యని ఆగక ఆసుపత్రికి పోవలెను.

సంఘము చేయదగినది

రోగి ఇంటికి వచ్చిన దినమున ఊరంతయు వచ్చి గది నిండుట మన ప్రేమకు గుర్తు. కాని క్రొత్త గాటునకు అది అపాయము. ఇద్దరు ముగ్గురు చాలును. చేతులు సబ్బుతో కడుగుకొని, జలుబు దగ్గు ఉన్నవారు బయటనే ఉండి, చిన్న ప్రార్థన చేసి రావలెను. చేతులుంచి ప్రార్థించు సేవకులు తలమీద మెల్లగా ఉంచవచ్చును, రొమ్ము మీద వద్దు. ప్రార్థించిన నూనెను నుదుట రాయండి. గాటు మీద పోయకండి. పసుపు, ఆకుపసరు, బూడిద ఏదియు పుండు మీద పెట్టరాదు.

మరియొకటి. “దేవుడు స్వస్థపరచెను, ఇక మాత్రలు వద్దు” అని సాక్ష్యము చెప్పించి మందులు మాన్పించుట మిక్కిలి ప్రమాదకరము. రక్తము గడ్డకట్టకుండ వేయు ఆస్పిరిన్, కొవ్వు తగ్గించు మాత్ర, అరువు తెచ్చిన నాళము తెరచియుండుటకు అవసరము. వీటిని సాధారణముగా జీవితాంతము వాడవలసియుండును. డాక్టరు చెప్పక మానరాదు. బీడీ, చుట్ట, గుట్కా పూర్తిగా విడువవలెను. బైపాస్ రోగమును తీసివేయదు, దారి మాత్రము ఇచ్చును. మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ గారికి 1990లో ఒకసారి, మరల 2009 జనవరి 24న ఢిల్లీ ఎయిమ్స్‌లో రెండవసారి బైపాస్ జరిగెను. ఆయన 2024 డిసెంబరు వరకు, 92 ఏండ్ల వయసు దాక జీవించిరి. దారిని కాపాడుకొనుట, అవసరమైనయెడల మరల సరిచేయించుకొనుట, రెండును ఇందులో కనబడుచున్నవి.

కాబట్టి ఆ యింటివారి ప్రశ్నకు మా జవాబు ఇది: నడుస్తాడమ్మా. డాక్టర్లు నడిపించెదరు, ఆసుపత్రి విడువకముందే నడిపించెదరు. మీరు ఆపరేషన్‌ను వాయిదా వేయకండి. నాళము ఎక్కడనుండి తీయుదురో అడుగండి. ఇంటికి తెచ్చుకొనిన తరువాత గుండెతోపాటు, దానికి అరువిచ్చిన ఆ కాలిని, ఆ చేతిని కూడ కనికరముతో చూచుకొనండి. దేవుడు మీ యిండ్లలోని రోగులకు ఆరోగ్యమును, వారికి పరిచర్య చేయువారికి ఓపికను దయచేయును గాక.